తేలికపాటి జాకెట్, టెంట్: కొనే ముందు ఇంట్లోనే ఎలా సరిచూసుకోవాలి

హిమాలయాల్లో ట్రెక్‌కి వెళ్దామని అనుకోగానే చాలామంది మొదట చేసే పని ఆన్‌లైన్‌లో జాకెట్లు వెతకడం. ఒకదాని మీద 10,000 మిల్లీమీటర్లు అని, ఇంకోదాని మీద 800 ఫిల్ పవర్ అని, టెంట్ మీద ‘2 పర్సన్’ అని రాసి ఉంటుంది. ఆ అంకెలు ల్యాబ్‌లో కొలిచినవి. మీ భుజాల వెడల్పు, మీరు మోసే బ్యాగు బరువు, టెంట్‌లో మీ పక్కన పడుకునే మనిషి పొడవు ల్యాబ్‌కి తెలియవు. ఒంటికి కుదరని ఖరీదైన జాకెట్ కంటే చక్కగా కుదిరిన మామూలు జాకెట్టే కొండ మీద బాగా పనిచేస్తుంది. టెంట్ సంగతీ అంతే. అందుకని ఇక్కడ చెప్పేవాటిలో ఎక్కువ భాగం ఇంట్లో, డాబా మీద, బాత్రూంలో మీరే చేసుకోగల పరీక్షలు.

ట్రెకింగ్ సంస్థతో వెళ్తుంటే టెంట్ సాధారణంగా వాళ్లే ఇస్తారు, మీకు జాకెట్ల భాగం చాలు. సొంతంగా వెళ్లేవాళ్లు, చలికాలంలో వంజంగి, లంబసింగి వైపు టెంట్ వేసుకోవాలనుకునేవాళ్లు చివరిదాకా చదవండి.

1. ఎక్కడికి, ఏ నెలలో అన్నది ముందు తేల్చుకోండి

ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే గాలి సగటున 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. ఈ ఒక్క లెక్క గుర్తుంటే సగం గందరగోళం పోతుంది. డెహ్రాడూన్ సుమారు 640 మీటర్ల ఎత్తులో ఉంది, అదే ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కాంఠ శిఖరం దాదాపు 3,800 మీటర్లు. అంటే తేడా 20 డిగ్రీలకు పైమాటే. డిసెంబరు రాత్రి డెహ్రాడూన్‌లో 8 డిగ్రీలుంటే పైన మైనస్ 12 ఉంటుందని అనుకుని సర్దుకోవాలి. గాలి వీస్తే చలి ఇంకా ఎక్కువ తెలుస్తుంది.

ఉత్తరాఖండ్‌లోనే ఉన్న పూలలోయకు (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) జులై, ఆగస్టుల్లో వెళ్తే కథ వేరు. అక్కడ చలి కంటే వాన పెద్ద సమస్య. లోయలో రాత్రి ఉండనివ్వరు, దగ్గర్లోని ఘాంఘరియా ఊళ్లో బస చేసి పగటిపూట వెళ్లి రావాలి. కాబట్టి టెంట్ అక్కర్లేదు, మంచి వాన జాకెట్ మాత్రం తప్పదు. లంబసింగిలో చలికాలం తెల్లవారుజామున ఒక్కోసారి సున్నా దగ్గరికి దిగుతుంది కానీ, పొద్దెక్కేసరికి స్వెట్టర్ కూడా బరువనిపిస్తుంది. అక్కడికి మైనస్ 10 జాకెట్ మోసుకెళ్లడం దండగ.

వానాకాలం అరకులోనో, పడమటి కనుమల్లోనో నడవడానికైతే నేను జాకెట్ కంటే పొంచోకే, అంటే తల మీంచి వేసుకునే వదులైన వాన ముసుగుకే, ఓటేస్తాను. ఎందుకో నాలుగో దశలో చెబుతాను.

2. మూడు పొరలు సిద్ధం చేసుకోండి

ఒంటిని అంటుకుని చెమట లాగేసే బట్ట ఒకటి, దాని మీద వెచ్చదనానికి ఒకటి, గాలీ వానా ఆపడానికి పైన ఒకటి. ఈ పద్ధతి మీరు వినే ఉంటారు. ఇందులో మనవాళ్లు పట్టించుకోనిది మొదటి పొర. కాటన్ బనియన్ చెమట పీల్చుకుని తడిగా ఒంటికి అతుక్కుంటుంది. నడక ఆపగానే వణుకు మొదలవుతుంది. పైన ఎంత ఖరీదైన జాకెట్ ఉన్నా ఆ తడిని ఏమీ చేయలేదు. జిమ్‌కి వేసుకునే పాలిస్టర్ టీషర్ట్ ఉంటే అది చాలు, చలికాలం ట్రెక్‌కైతే ఉన్నిది తీసుకోండి. కొత్తగా ఎక్కువ డబ్బు పెట్టాల్సింది రెండో పొరకూ మూడో పొరకూ మాత్రమే.

3. వాన జాకెట్‌ని ఒంటికి సరిచూసుకోండి

షాపుకి వెళ్తుంటే మందపాటి ఫుల్ హ్యాండ్స్ టీషర్ట్, ఫ్లీసు (మెత్తటి పాలిస్టర్ స్వెట్టర్) తీసుకెళ్లండి. హైదరాబాద్ ఎండలో నవ్వులాటగా ఉంటుంది, అయినా సరే. వాన జాకెట్ కొండ మీద వాటి మీదే వేసుకుంటారు కాబట్టి, ఒట్టి చొక్కా మీద వేసి చూస్తే సైజు తప్పుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ట్యాగులు తీయకుండానే ఇవన్నీ చేయండి.

లోపలి పొరలన్నీ వేసుకుని, జిప్పు గడ్డం దాకా లాగి, రెండు చేతులూ నిటారుగా పైకెత్తండి. జాకెట్ అంచు ప్యాంటు బెల్టు పైకి లేచిపోకూడదు. చేతి అంచులు మణికట్టు దాటి రెండు వేళ్ల మందం కంటే వెనక్కి జారకూడదు. తర్వాత మిమ్మల్ని మీరే కౌగిలించుకున్నట్టు చేతులు ముందుకు అడ్డంగా వేయండి. వీపు మీద బట్ట బిగుసుకుపోయి భుజాలను వెనక్కి లాగుతుంటే ఆ సైజు చిన్నది. ట్రెకింగ్ కర్రలు పట్టుకుని నడిచేటప్పుడు చేతులు ఎప్పుడూ ముందుకే ఉంటాయి, ఆ బిగువు రోజంతా భరించాలి.

ఇప్పుడు తలటోపీ, అంటే హుడ్. చాలామంది దీన్ని చూడనే చూడరు. లోపల ఉన్ని టోపీ పెట్టుకుని, హుడ్ వేసుకుని, తాడు బిగించి తల ఎడమకీ కుడికీ తిప్పండి. ముఖంతో పాటు హుడ్ కూడా తిరగాలి. ముఖం తిరిగి హుడ్ అక్కడే ఉండిపోతే మీకు దారి కనపడదు, హుడ్ లోపలి బట్టే కనిపిస్తుంది. రాళ్ల దారిలో అది ప్రమాదం. కళ్లజోడు ఉన్నవాళ్లు ముందు అంచు కాస్త గట్టిగా, ముందుకు పొడుచుకొచ్చిన హుడ్ చూసుకోవాలి. మెత్తటి అంచు వానకు తడిసి అద్దాల మీదకు వాలిపోతుంది.

గడ్డం దగ్గర జిప్పు పూర్తిగా వేశాక లోపల రెండు వేళ్లు దూరేంత చోటు ఉండాలి. తల దించినప్పుడు జిప్పు పెదవులకు తగులుతుంటే ఆ జాకెట్ వదిలేయండి. మొదట్లో చిన్న విషయంలా ఉంటుంది, రెండో రోజుకి జిప్పు తెరిచి తిరుగుతారు, వాన లోపలికొస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష బ్యాగు వేసుకుని చేసేది. ట్రెక్‌కి తీసుకెళ్లే బ్యాగులో ఎనిమిది, పది కిలోలు పెట్టండి, బియ్యం సంచీ అయినా ఫరవాలేదు. నడుం బెల్టు బిగించండి. జాకెట్ జేబులు బెల్టు కిందకి వెళ్లిపోయాయా? వెళ్తే దారిలో ఫోనూ చాక్లెట్టూ తీయాలంటే ప్రతిసారీ బెల్టు విప్పాలి. ట్రెకింగ్ కోసం కుట్టిన జాకెట్లలో జేబులు ఛాతీ దగ్గరికి ఉండేది ఇందుకే. చంకల కింద గాలి జిప్పులుంటే బ్యాగు తగిలించుకునే ఉండి, ఎదుటి చేత్తో వాటిని తెరిచి మూయగలరేమో చూడండి. భుజాల మీద పట్టీల కింద లావుపాటి కుట్టు ఉంటే మధ్యాహ్నానికి ఒరుసుకుంటుంది.

ఆ వేషంలోనే అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ వదిలేసి నాలుగంతస్తులు ఎక్కండి. అడుగు ఎత్తి వేసేటప్పుడు జాకెట్ అంచు తొడలకు అడ్డుపడుతుందా, పైకి పాకుతుందా తెలుస్తుంది. ఆడవాళ్లు దీన్ని మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. మగవాళ్ల కొలతలతో కుట్టినవి తుంటి దగ్గర పట్టేస్తాయి, భుజాల దగ్గర వేలాడతాయి. కింద నుంచి కూడా తెరుచుకునే జిప్పు ఉంటే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. పొట్ట ఉన్న మగవాళ్లకీ అదే మాట.

మరీ వదులుగా ఉన్నా నష్టమే. గాలికి టపటపా కొట్టుకుంటుంది, కదిలినప్పుడల్లా లోపలి వేడిగాలి మెడలోంచి బయటికి పోతుంది. రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే వాన జాకెట్‌కి పెద్ద సైజు తీసుకోండి. యూరప్, అమెరికా కంపెనీల ‘ఎం’ మన ‘ఎం’ కంటే పెద్దదిగా ఉండటం మామూలే. అక్షరాన్ని నమ్మకుండా ఛాతీ, నడుము, చేతి పొడవు టేపుతో కొలిచి వాళ్ల చార్టుతో పోల్చుకోండి.

4. లేబుల్ చదవండి, తర్వాత బాత్రూంలో పరీక్షించండి

10,000 మిల్లీమీటర్లు అంటే ఆ బట్ట మీద అంత ఎత్తు నీటి స్తంభం నిలబెట్టినా నీరు లోపలికి రాలేదని అర్థం. అంటే 10 మీటర్ల నీళ్లు. వాన చినుకు ఒత్తిడి అంతలో కొంతే. మరి ఇంత ఎందుకంటే, భుజాల మీద బ్యాగు పట్టీలు ఒత్తుతాయి, తడి బండ మీద కూర్చుంటాం, మోకాలు ఆనిస్తాం. అలాంటి చోట్ల ఒత్తిడి బాగా పెరుగుతుంది. హిమాలయాల్లో మామూలు ట్రెక్‌కి 10,000 చాలు. రోజుల తరబడి వానలో, బరువైన బ్యాగుతో నడిచేవాళ్లకి 20,000 అర్థవంతం. కుట్లన్నిటి మీదా లోపల టేపు వేసి ఉందో లేదో మాత్రం తప్పకుండా చూడండి. టేపు లేని కుట్టు ఉంటే ఏ అంకె ఉన్నా ఒకటే.

ఇంకో అంకె ఉంటుంది, ఒక చదరపు మీటరు బట్టలోంచి 24 గంటల్లో ఎన్ని గ్రాముల ఆవిరి బయటికి పోతుందన్నది. చెమట ఆవిరి బయటికి పోవడానికి లోపల వేడిగా, తేమగా, బయట చల్లగా, పొడిగా ఉండాలి. హిమాలయాల్లో ఆ తేడా బాగా ఉంటుంది కాబట్టి ఇలాంటి జాకెట్లు అక్కడ పనిచేస్తాయి. మన దగ్గర జులైలో 25 డిగ్రీల వేడి, గాలి నిండా తేమ. ఆవిరి ఎక్కడికీ పోలేదు. వానకు తడవకపోయినా చెమటకు తడుస్తారు. అరకుకి పొంచో మేలన్నది ఇందుకే, కింది నుంచి గాలి ఆడుతుంది, బ్యాగును కూడా కప్పేస్తుంది. గాలి గట్టిగా వీచే ఎత్తైన శిఖరాల మీద మాత్రం పొంచో పనికిరాదు, ఎగిరి ముఖానికి చుట్టుకుంటుంది.

జాకెట్ పైబట్టకు నీరు జారిపోయే పూత ఉంటుంది. కొత్తదాని మీద చినుకులు తామరాకు మీది బొట్లలా దొర్లిపోతాయి. ఆ పూత అరిగితే పైబట్ట నీరు తాగేస్తుంది. లోపలి పొర నీటిని ఇంకా ఆపుతూనే ఉంటుంది కానీ, ఆవిరి పోయే దారి మూసుకుపోతుంది. లోపల చల్లగా, జిగటగా ఉంటుంది. చాలామంది అప్పుడు జాకెట్ కారుతోందని పారేస్తారు. అక్కర్లేదు, ఉతికి వేడి తగిలిస్తే చాలాసార్లు పూత మళ్లీ పనిచేస్తుంది, చివర్లో చెబుతాను.

ఇక్కడ మనకే ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. తలకు కొబ్బరినూనె రాసుకుని హుడ్ వేసుకుంటే, మెడకు సన్‌స్క్రీన్ పూసుకుని కాలరు ఎత్తుకుంటే ఆ చోట్ల పూత ముందుగా చస్తుంది. పాత తరం పూతల్లో వాడిన ఫ్లోరిన్ రసాయనాలు నూనెను కూడా తట్టుకునేవి. పర్యావరణంలో ఎన్నేళ్లకూ కరగవని వాటిని కంపెనీలు మానేస్తున్నాయి, కాలిఫోర్నియాలో అయితే 2025 జనవరి నుంచి చాలా రకాల బట్టల్లో నిషేధమే వచ్చింది. కొత్త పూతలు నీటిని ఆపుతాయి కానీ నూనెకు లొంగిపోతాయి. ట్రెక్ రోజుల్లో తలకు నూనె మానేయండి, లేదా హుడ్ కింద పల్చటి టోపీ పెట్టుకోండి.

జాకెట్ ఉంచుకోవాలని తేల్చుకున్నాక బాత్రూం పరీక్ష. లోపల బూడిదరంగు కాటన్ టీషర్ట్ వేసుకోండి, ఆ రంగు మీద తడి మచ్చ ఇట్టే కనిపిస్తుంది. హుడ్ వేసుకుని షవర్ కింద పది నిమిషాలు నిలబడండి. మధ్యలో చేతులు పైకెత్తండి, తల తిప్పండి, వంగండి. తర్వాత టీషర్ట్ చూడండి. మెడ దగ్గర తడిస్తే హుడ్ సరిగా బిగించలేదు. మోచేతుల దాకా తడిస్తే చేతి అంచుల పట్టీలు వదులు. భుజం కుట్టు వెంట గీతలా తడిస్తే టేపు లోపం, జాకెట్ వెనక్కి పంపించేయండి. అంతటా సమంగా చెమ్మగా ఉంటే అది మీ చెమటే.

5. పఫర్ జాకెట్: ఒంటికి దగ్గరగా, నొక్కుకుపోకుండా

లోపల బాతు నూగు గానీ, దానిలాంటి పాలిస్టర్ దూది గానీ నింపిన ఉబ్బెత్తు జాకెట్ ఇది. వేడిని ఆపేది నూగు కాదు, అందులో చిక్కుకున్న గాలి. ఉబ్బు తగ్గితే వెచ్చదనం తగ్గిపోతుంది. ఈ జాకెట్ ఫిట్ అంతా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంటుంది.

ఫ్లీసు మీద పఫర్ వేసుకుని అద్దంలో చూసుకోండి. భుజాలు, వీపు, మోచేతుల దగ్గర గదుల (కుట్ల మధ్య నూగు నింపిన అరల) ఉబ్బు చదునైపోయిందంటే బిగుతు ఎక్కువైంది. నడుం చుట్టూ పిడికిలి దూరేంత ఖాళీ ఉంటే వదులు ఎక్కువైంది. తర్వాత దాని మీద వాన జాకెట్ వేసి చూడండి. ఇది చాలామంది మర్చిపోయే పరీక్ష. పైది చిన్నదైతే పఫర్‌ని నొక్కేస్తుంది, మీరు కొన్న వెచ్చదనం సగం పోతుంది. రెండూ ఒకేసారి కొంటుంటే ముందు పఫర్ ఎంచుకుని, దాని మీద పట్టే వాన జాకెట్ తీసుకోండి.

ఫిల్ పవర్ అంటే ఒక ఔన్సు నూగు, దాదాపు 28 గ్రాములు, ఎన్ని ఘనపు అంగుళాలకు ఉబ్బుతుందో చెప్పే అంకె. అది నాణ్యత చెబుతుంది, ఎంత నింపారో చెప్పదు. 800 ఫిల్ పవర్ నూగు 60 గ్రాములున్న జాకెట్, 600 ఫిల్ పవర్ నూగు 120 గ్రాములున్న జాకెట్ పక్కపక్కన పెట్టండి. రెండంకెలూ గుణిస్తే మొదటిది 48,000, రెండోది 72,000. ఖరీదు తక్కువైన రెండోదే ఎక్కువ ఉబ్బుతుంది, మోయడానికి కాస్త బరువు, అంతే. నింపిన నూగు బరువు చెప్పని జాకెట్‌ని నేను అనుమానంగానే చూస్తాను. కొన్నాక ఒకసారి లైటుకి అడ్డంగా పట్టి చూడండి. ఏ గదిలోనైనా నూగు ఒక మూలకు చేరి, మిగతా భాగం ఖాళీగా వెలుగు కనిపిస్తుంటే ఆ చోట చలి కొడుతుంది.

నూగా, పాలిస్టర్ దూదా అన్నది వాన తేలుస్తుంది. నూగు తడిస్తే ఉండకట్టి చచ్చుబడుతుంది, ఆరడానికి చాలాసేపు పడుతుంది. పాలిస్టర్ తడిసినా కొంత వేడి ఆపుతుంది. వానాకాలం ట్రెక్‌కి పాలిస్టర్, పొడి చలికాలానికి నూగు. రెండింటికీ ఒకటే కొనగలిగితే పాలిస్టర్ తీసుకోండి.

ఒక అలవాటు కూడా కావాలి. పఫర్ వేసుకుని నడవకండి. పొద్దున్నే చలిగా ఉంది కదా అని అలాగే బయల్దేరితే పావుగంటలో చెమటకు నూగు తడుస్తుంది, సాయంత్రం ఆగినప్పుడు మీకు కావలసింది అదే. బయల్దేరేటప్పుడు కాస్త చలేస్తుంటేనే సరిగా వేసుకున్నట్టు.

6. టెంట్‌ని డాబా మీద చాక్‌పీసుతో గీయండి

కొనక ముందే చేయగల మంచి పరీక్ష ఇది. వెబ్‌సైట్‌లో టెంట్ నేల కొలతలు ఉంటాయి. కొన్ని నలుచదరంగా ఉండవు, తల దగ్గర 132 సెంటీమీటర్లుంటే కాళ్ల దగ్గర 107 ఉంటుంది. బరువు తగ్గించడానికి అలా కోస్తారు. ఆ ఆకారం డాబా మీద గీసి, మ్యాట్లు పరిచి, ఇద్దరూ స్లీపింగ్ బ్యాగుల్లో దూరి పడుకోండి. మామూలు మ్యాట్ వెడల్పు 51 సెంటీమీటర్లు, వెడల్పు రకం 64. వెడల్పువి రెండు పక్కపక్కన పెడితే 128. కాళ్ల దగ్గర 107 ఉన్న టెంట్‌లో అవి పట్టవు. ‘2 పర్సన్’ అంటే ఇద్దరు మనుషులు, బ్యాగులు బయట, మొహమాటం లేని స్నేహం. సామాను లోపల పెట్టుకోవాలంటే ఇద్దరికి ‘3 పర్సన్’ టెంట్ చూసుకోండి, లేదా తలుపు ముందు వసారా పెద్దగా ఉన్నది తీసుకోండి.

పొడవు దగ్గర ఇంకో మోసం ఉంది. నేల 213 సెంటీమీటర్లున్నా గోడలు వాలుగా ఉంటాయి కాబట్టి, నేల నుంచి జానెడు ఎత్తులో ఆ పొడవు బాగా తగ్గిపోతుంది. మీరు పడుకునేది మ్యాట్ మీద, స్లీపింగ్ బ్యాగులో, అంటే ఆ ఎత్తులోనే. ఆరడుగుల మనిషికి తలా కాళ్లూ తడి గోడకు తగులుతాయి. మీ ఎత్తుకి కనీసం 30 సెంటీమీటర్లు కలిపి చూసుకోండి, వాలు ఎక్కువున్న టెంట్‌కైతే ఇంకా ఎక్కువ. టెంట్ ఎత్తు ఎంతన్న అంకె కూడా ఒక్క చోటి మాటే, నడిమధ్య. షాపులో వేసి ఉంటే లోపల కూర్చుని, ఇద్దరూ ఒకేసారి చొక్కా మార్చుకోగలరేమో చూడండి. తలుపులు రెండుంటే రాత్రి ఒంటేలుకి లేచినవాళ్లు పక్కవాళ్లను తొక్కుకుంటూ పోనక్కర్లేదు.

7. బరువు, గుడ్డ

వెబ్‌సైట్‌లో కనిపించే తక్కువ బరువు సాధారణంగా లోపలి గుడారం, పైకప్పు, పోల్స్ మాత్రమే. మేకులు, తాళ్లు, సంచీలు కలిపిన ‘ప్యాక్డ్’ బరువు వేరే ఉంటుంది, మీరు మోసేది దాన్ని. మేకులు లేకుండా ఎవరూ వెళ్లరు. ఇంటి తూకం మీద మీరే పెట్టి చూసుకోండి.

డెనియర్ అంటే ఆ దారం 9,000 మీటర్లు ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. 15 డెనియర్ గుడ్డ చాలా తేలిక, ముల్లు తగిలితే చిరుగుతుంది. మన కొండల్లో ముళ్ల తుప్పలు ఎక్కువ, నేల గుడ్డ మందంగా ఉన్నది చూసుకోవడం మంచిది, లేదా కింద ఒక ప్లాస్టిక్ పట్టా పరుచుకోండి. ఆ పట్టా టెంట్ అంచు దాటి బయటికి రాకూడదు. వస్తే వాననీటిని పట్టి టెంట్ కిందకే పంపుతుంది.

నైలాన్ గట్టిది, కానీ తడిస్తే సాగుతుంది. సాయంత్రం బిగువుగా వేసిన పైకప్పు అర్ధరాత్రి వానకు వదులై లోపలి గుడ్డకు అతుక్కుంటుంది. పాలిస్టర్ అంతగా సాగదు, ఎండను కూడా మెరుగ్గా తట్టుకుంటుంది. ఎప్పుడో ఒకసారి వేసుకునేవాళ్లకు నేను పాలిస్టరే చెబుతాను. పైకప్పుకు 1,500 నుంచి 3,000 మిల్లీమీటర్ల నీటి నిరోధం ఉంటే చాలు. సిలికాన్ పూత గుడ్డ మీద మామూలు టేపు అతకదు. అలాంటి టెంట్ కుట్లకు కొన్నిటికి మనమే సిలికాన్ జిగురు పూయాల్సి ఉంటుంది, కొనేటప్పుడే అడగండి.

ట్రెకింగ్ కర్రల మీద నిలబెట్టే టెంట్లు కిలో లోపు కూడా దొరుకుతాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కానీ మేకులు దిగని రాతినేల మీద వాటిని నిలబెట్టడం కష్టం. మొదటి టెంట్‌గా తనంతట తాను నిలబడేది, రెండు పొరలున్నది తీసుకోండి.

8. వెళ్లే ముందు రెండుసార్లు వేయండి, ఒకసారి చీకట్లో

డాబా మీద మేకులు దిగవు కాబట్టి నీళ్ల క్యాన్లకో ఇటుకలకో తాళ్లు కట్టండి. మొదటిసారి పగలు, కాగితం చూస్తూ. రెండోసారి రాత్రి, తలకు టార్చి పెట్టుకుని, చేతులకు గ్లౌజులు వేసుకుని. పైకప్పు గుడ్డ ముడతల్లేకుండా బిగువుగా రావాలి, లోపలి గుడారానికి ఎక్కడా తగలకూడదు. తర్వాత మొక్కలకు నీళ్లు పెట్టే పైపుతో పావుగంట పైనుంచి జల్లు కొట్టండి. లోపల ఒకరు టార్చి పట్టుకుని కుట్లు, మూలలు, జిప్పు చూస్తూ ఉండాలి. ఆపగానే తాళ్లు మళ్లీ బిగించి చూడండి, గుడ్డ ఎంత సాగిందో తెలుస్తుంది.

విమానంలో వెళ్తుంటే మేకులు, ట్రెకింగ్ కర్రలు చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టాలి. స్టవ్ గ్యాస్ డబ్బాలు రెండింటిలోనూ కుదరవు, అక్కడికి వెళ్లాక కొనుక్కోవాలి.

9. కొండ మీద వేసేటప్పుడు

అనుమతి సంగతి ముందే కనుక్కోండి. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు అక్కడి ఎత్తైన పచ్చికబయళ్లలో, అంటే బుగ్యాళ్లలో, రాత్రి బసను నిషేధించింది. రూప్‌కుండ్ సరస్సు ట్రెక్ లాంటి దారుల ప్లాన్లు దానివల్లే మారిపోయాయి. నల్లమలలో టైగర్ రిజర్వ్ లోపల సొంతంగా టెంట్ వేయడం నేరం కిందికి వస్తుంది.

చోటు ఎంచుకునేటప్పుడు పల్లం, ఎండిన వాగు, వదులు రాళ్లున్న వాలు కింద వద్దు. నీటి ఒడ్డుకు ఆనుకుని కూడా వద్దు, చల్లటి తేమగాలి అక్కడే చేరుతుంది. రాత్రంతా ఒక్కో మనిషి ఊపిరిలోంచి, ఒంట్లోంచి పావు లీటరు దాకా నీరు ఆవిరిగా పోతుంది. అది చల్లటి పైకప్పుకు తగిలి బొట్లవుతుంది. పొద్దున్నే లోపల తడి చూసి టెంట్ కారుతోందని తిట్టుకోకండి. చలేసినా గాలి కిటికీలు తెరిచే ఉంచండి, తడి బట్టలు వసారాలో పెట్టండి. టెంట్ సన్నటి వైపు గాలికి ఎదురుగా, తలుపు గాలికి చాటుగా ఉండాలి. మేకు తల టెంట్‌కి అవతలి వైపుకు వాలేలా దిగగొట్టండి. దిగకపోతే తాడును పెద్ద రాయికి చుట్టి, దాని ముందు ఇంకో రాయి ఆనించండి. మంచులో అయితే తాడును కర్రకు కట్టి, కర్రను అడ్డంగా మంచులో పాతి తొక్కండి.

లోపల స్టవ్ వెలిగించవద్దు. గుడ్డ అంటుకోవడం ఒక భయమైతే, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఇంకా పెద్ద భయం. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

10. తిరిగొచ్చాక

మన ఉక్కపోతే ఈ సామానుకి అసలు శత్రువు. ముఖ్యంగా విశాఖ, విజయవాడ, మచిలీపట్నం వైపు ఉండేవాళ్లకు. టెంట్ తడిగా మడిచి అటక మీద పెడితే బూజు పడుతుంది. బూజు పట్టకపోయినా నీటిని ఆపే లోపలి పాలీయురిథేన్ పూత తేమకు మెల్లగా విరిగిపోయి జిగురుగా, కంపుగా తయారవుతుంది. ఇంటికొచ్చిన రోజే నీడలో, ఫ్యాను కింద పరిచి పూర్తిగా ఆరనివ్వండి. బిగించిన సంచీలో వద్దు, పాత దిండు గలీబులో వదులుగా పెట్టి బీరువాలో ఉంచండి. పఫర్ కూడా హ్యాంగరుకే, నొక్కిపెట్టి ఉంచితే నూగు మళ్లీ ఉబ్బదు.

వాన జాకెట్‌ని జిప్పులన్నీ వేసి గోరువెచ్చని నీళ్లలో, అలాంటి బట్టలకని అమ్మే ద్రవంతో ఉతకండి. మామూలు సర్ఫు పొడి అవశేషం మిగిల్చి నీరు పీల్చుకునేలా చేస్తుంది, కంఫర్ట్ లాంటివి అసలు తగలకూడదు. రెండుమూడుసార్లు మంచినీళ్లలో జాడించి ఆరేయండి. లేబుల్ ఒప్పుకుంటే పైన పల్చటి గుడ్డ వేసి, తక్కువ వేడితో ఇస్త్రీ చేయండి. తర్వాత చెంచాడు నీళ్లు పోసి చూడండి. బొట్లుగా జారితే పూత బాగానే ఉంది, ఇంకిపోతుంటే కొత్త పూత స్ప్రే కొట్టాలి. డ్రయ్యర్ లేని ఇళ్లలో ఉతికిన పఫర్‌ని నీడలో చదునుగా పరిచి, గంటకోసారి ఉండల్ని వేళ్లతో విడదీయాలి. ఓపిగ్గా రెండు రోజులు పట్టినా పట్టొచ్చు.

వానాకాలంలో నెలకోసారి టెంట్ బయటికి తీసి నేల గుడ్డను వేళ్లతో తాకి చూడండి. అంటుకుంటుంటే పూత పోయినట్టే. ఆ దశలో మరమ్మతుకి డబ్బు పెట్టకండి. పోల్స్, మేకులు, తాళ్లు దాచుకుని, గుడ్డను కింద పరుచుకునే పట్టాగా కోసుకోండి.